లేని ముక్క

పోయిన వారం మనం జమునను భూపాలపల్లి కార్మికశాఖ ఆఫీసు మెట్ల మీద వదిలిపెట్టాం. చంకలో ల్యాప్‌టాప్ సంచి, కడుపులో పొద్దుటి టీ తప్ప మరేమీ లేదు. గంగారం అవతలి తండాలో పుట్టి, జనగామలో హర్షవర్ధన్ పెట్టిన పరిశోధనశాలలో కొలువు చేస్తున్న పిల్ల ఆమె. మనిషి రక్తంలో వందల రకాల కొవ్వులుంటాయి. యంత్రం వాటిని తూచి అంకెలు కుప్పపోస్తే, ఏ అంకె ఏ కొవ్వుదో కంప్యూటర్ మీద విడమరచడం జమున పని. గుండెజబ్బుల సర్వే అని నమ్మబలికి తన తండాలో నలభై ముగ్గురు మగవాళ్ళ చేత రక్తం ఇప్పించింది కూడా ఆమే. ఆ రక్తం మీదే హర్షవర్ధన్ నివేదిక రాశాడు. నలభై ముగ్గురిలో నలభై ఒక్కరికి, సారా తాగితే తప్ప పుట్టని కొవ్వు ఉందని తేల్చాడు. మనుషుల పేర్లు రాయలేదు, తండా పేరు రాశాడు. అది చాలింది. ఆ నలభై ముగ్గురూ భూపాల్ అనే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవర్లు. నివేదిక చేతికందిన మర్నాడే అతను అందరి దగ్గరా బండి తాళాలు గుంజుకున్నాడు. ఇరవై రెండు రోజులైంది. ఇవాళ విచారణ.

జమున లోపలికి అడుగు పెట్టేసరికి హాలు నిండిపోయి ఉంది. కుడివైపు కుర్చీల్లో హర్షవర్ధన్, ఆయన పక్కన భూపాల్. ఎడమవైపు కుర్చీలు చాలక గోడకు ఆనుకుని కొందరు, కింద కూర్చుని కొందరు తండా డ్రైవర్లు. వాళ్ళ ముందు వరసలో జమున చిన్నాయన, తండా పెద్ద పూల్‌సింగ్. అతనికి రెండు వరసల వెనక ఆమె తమ్ముడు వీరేందర్. ఇద్దరూ ఆ నలభై ముగ్గురిలోని వాళ్ళే. బల్ల వెనక అధికారి విజయ, కళ్ళజోడు ముక్కు కొస మీదికి జార్చుకుని కాగితాలు తిరగేస్తోంది.

"రామ్మా జమునా," అన్నాడు హర్షవర్ధన్, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఘనపూర్‌లో నాలుగు తరాలుగా పంచాయితీలు చెప్పిన ఇంటి మనిషి. కోపాన్ని గొంతులోకి రానివ్వడం ఆయనకు నామోషీ. "కూర్చో. మన లెక్కలు నువ్వే చెబితే బాగుంటుంది."

జమున ఆ కుర్చీని రెండు చేతులతో ఎత్తి, హాలంతా చూస్తుండగా ఎడమవైపుకు తీసుకొచ్చి పూల్‌సింగ్ పక్కన వేసుకుని కూర్చుంది. గోడకు ఆనుకున్న వాళ్ళలో ఎవరో గొంతులో నవ్వుకున్నారు. హర్షవర్ధన్ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, తర్వాత తన మోకాలి మీదికి వచ్చింది.

విజయ ముందే చెప్పేసింది. తన కెమిస్ట్రీ ఇంటర్‌తోనే అయిపోయిందనీ, అర్థమయ్యేటట్టు చెప్పిన వాళ్ళ మాటే రాసుకుంటాననీ. హర్షవర్ధన్ తెర మీద ఒక బొమ్మ వేశాడు. తెల్లటి గడిలో ఒక మూల ఎర్ర చుక్కలు గుమిగూడి ఉన్నాయి, ఇంకో మూల నీలం చుక్కలు. ఎర్రవి తండా రక్తం, నీలంవి పోలిక కోసం ఘనపూర్‌లో తీసిన రక్తం అన్నాడు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. రక్తం పోలిక ఉన్నవాళ్ళను కంప్యూటర్ దగ్గర దగ్గరగా పెడుతుంది. రెండు గుంపులనూ అంత దూరం నెట్టింది ముఖ్యంగా ఒకే ఒక కొవ్వు, అది సారాది. యంత్రానికి కులం తెలియదు, తండా తెలియదు, దానికి ఎవరి మీదా పగ లేదు అని ముగించి కూర్చున్నాడు. ముచ్చటగానే చెప్పాడు. ఆ బొమ్మను గీసింది జమునే అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

భూపాల్ ఊరుకోలేదు. "ముప్పై టన్నుల బండి మేడం. తాగినోని చేతికి తాళం ఎట్లిస్త? రేపు బడి పిల్లల మీదికి పోనిస్తే నన్నే పట్టుకుంటరు గద."

పూల్‌సింగ్ తలపాగా సర్దుకుని లేచాడు. "మా తండల తాగెటోడే లేడని నేననను భూపాలన్నా. నీ కాడ లేరా? గని నలభై ఒక్కమంది ఒక్కతీరుగ తాగిండ్రంటేనే నవ్వొస్తున్నది. మా కాడ పెండ్లిల గూడ గంత కలిసి తాగరు."

హాలు గొల్లుమంది. విజయ కూడా పెదవి బిగించుకుని, పెన్నుతో బల్ల మీద కొట్టి, ఇక జమున చెప్పాలన్నట్టు తల ఊపింది.

జమున లేచింది. వారం రోజులుగా మనసులో వల్లెవేసుకున్న ఇంగ్లీషు మాటలన్నీ ఆ నిమిషాన ఎటో పోయాయి. పోతే పోనీ అనుకుంది. ఎదురుగా ఉన్న అధికారికీ, పక్కనున్న చిన్నాయనకూ ఒకేసారి అర్థమయ్యే మాట ఒకటుంది.

"మేడం, మానుకోట మార్కెట్ల కాంటా మీద రెండు మూటలు పెట్టిండ్రనుకోండ్రి. రెండూ నలభై కిలోలే, గ్రాము తేడా లేదు. ఒకదాంట్ల మిర్చి, ఇంకోదాంట్ల మక్కలు. మూట ఇప్పకుంట, తూకం చిట్టి మీద మిర్చి అని రాస్తే మీరు ఒప్పుకుంటరా?"

"ఒప్పుకోను."

"గీ నివేదికల జరిగింది గదే."

ఆపైన ఆమె నిదానంగా విప్పింది. యంత్రం ముందు కొవ్వును నిండుగా తూస్తుంది. ఆ తూకాన్ని సాఫ్ట్‌వేర్ తన పట్టికలో వెతికి, కలిసిన పేరు అంటిస్తుంది. ఇక్కడ వచ్చిన తూకం ఏడు వందల ఒకటిన్నర. పట్టికలో ఆ తూకానికి సారా కొవ్వు ఉంది. కానీ చివరి చుక్క దాకా అదే తూకం తూగే కొవ్వు మరొకటి కూడా ఉంది. దానికీ సారాకూ ఏ సంబంధమూ లేదు. పట్టికలో ఏది ముందుంటే ఆ పేరు అంటించి సాఫ్ట్‌వేర్ చేతులు దులుపుకుంది.

"మరి ఏది ఏదో తెలిసేదెట్లా?" అంది విజయ.

"ఇరగ్గొట్టాలె మేడం. యంత్రమే ఇరగ్గొడ్తది. ముక్కలను మళ్ళ తూస్తది. సారా కొవ్వు ఇరిగితే రెండు వందల యాభై అయిదు తూగే ముక్క పడాలె. రెండో దాంట్లనుంచి రెండు వందల ఎనభై మూడు పడ్తది. నిండు తూకం ఒక్కటే అయినా ముక్కలు ఒక్కటి గావు."

తెర మీద మొదటి నమూనా పడింది. అడ్డగీత మీద పొడుగ్గా పొట్టిగా కడ్డీలు నిలబడ్డాయి. రెండు వందల ఎనభై మూడు దగ్గర నిటారుగా ఒకటి. రెండు వందల యాభై అయిదు దగ్గర చదును నేల. జమున వేలితో ఆ ఖాళీ చోటును చూపించింది. రెండో నమూనా వేసింది. అక్కడా ఖాళీ. మూడోది, నాలుగోది. ఆమె ఒక్క మాటా అనకుండా వేస్తూ పోతుంటే, ఎనిమిదో దాని దగ్గర గోడకు ఆనుకున్న డ్రైవర్లే "లేదు" అనడం మొదలుపెట్టారు. పదో దానికల్లా అది బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు సాగింది. విజయ చెయ్యెత్తి ఆపి, ఈ ముక్కల లెక్క నివేదిక రాసిన నాడు లేదా అని అడిగింది.

ఉందని చెప్పింది జమున. యంత్రం ఆ రోజే ముక్కల్నీ తూచి ఫైల్లో పెట్టింది. వాటినీ పోల్చి చూడమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే తొమ్మిది రోజులు పడుతుంది. పేరు వచ్చిందిగా, ఇంకేం కావాలి, ఆ గడిలో టిక్కు తీసెయ్ అన్నాడు హర్షవర్ధన్. తీసేసింది తనే.

హర్షవర్ధన్ ఇంతసేపూ కాలు మీద కాలు వేసుకుని విన్నాడు. ఇప్పుడు తీరిగ్గా లేచాడు.

"బాగా చెప్పావమ్మా. మార్కెట్ మూట నాక్కూడా అర్థమైంది. ఒక్క మాట అడుగుతాను. ఆ రెండో కొవ్వు తండా రక్తంలోనే ఎందుకు అంత ఉంది? ఘనపూర్ రక్తంలో ఎందుకు లేదు?"

జమున జవాబు చెప్పేలోపే ఆయనే అందుకున్నాడు. తీసిన రక్తం వేడికి నిలవుంటే అందులోని కొవ్వులు తెగి, ఇలాంటివి పుట్టుకొస్తాయని ఆయనకూ తెలుసు. అందుకే నమూనా రిజిస్టరు వెంట తెచ్చాడు. పేజీ తీసి విజయ ముందు పెట్టాడు. రక్తం తీసింది ఎనిమిదింటికి. ఐసు పెట్టెలో పెట్టింది ఎనిమిదిన్నరకు. నలభై ముగ్గురికీ అదే సమయం. కింద సంతకం.

"ఎండ తగలలేదు, వేడి తగలలేదు. తాగుడూ కాదంటున్నావు. అయితే ఇది తండా రక్తంలోనే ఉన్న జబ్బా? తాగుబోతులని నేనంటే కోపం వచ్చింది, రోగిష్టివాళ్ళని నువ్వంటున్నావు. భూపాల్ గారు ఏ మాట మీద బండ్లివ్వాలి?" ఒక్క క్షణం ఆగాడు. "ఆ సంతకం నీదే కదమ్మా?"

ఆయన ఆ ప్రశ్నను ఎంతో కాలంగా మడిచి జేబులో పెట్టుకున్నాడని జమునకు అర్థమైంది. జవాబు ఆయనకు తెలియకపోవచ్చు. కానీ ఎటు నుంచి జవాబు వచ్చినా దెబ్బ తనకే తగులుతుందని మాత్రం తెలుసు.

ఆ రోజు మే నెల పన్నెండు. తండాలో పొద్దు పొడవకముందే డ్రైవర్లు వరసలో నిలబడ్డారు. ఎనిమిదింటికల్లా నలభై ఒక్క గొట్టాలు నిండాయి. పొగలు కక్కే ఐసు పెట్టె మూత తెరిచే ఉంది. అప్పుడు నాయనమ్మ బుచ్చి వచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడింది. ఎనభై దాటిన మనిషి, మోచేతుల దాకా గాజులు. వడిసెల రాయిలాంటి మాట. మనుషుల ఒంట్లోది తీసి పొలిమేర దాటిస్తున్నారు, తండా అమ్మవారు మేరామా యాడికి చూపించకుండా ఎట్లా పోతుందంది. గొట్టాలన్నీ ఇత్తడి తాంబాళంలో పెట్టించి, అమ్మవారి గద్దె ముందు ఉంచింది. భోగ్ అనే నైవేద్యానికి బెల్లం పాయసం వండాలి, నెయ్యి కావాలి, పూజ చేసే మనిషి పక్క తండా నుంచి రావాలి. అవన్నీ అయ్యేసరికి ఒకటిన్నర. ఎండ గద్దె మీద నిలువునా పడుతోంది. రక్తం చెడిపోతుందని జమునకు తెలుసు. చెప్పలేకపోయింది. నాయనమ్మకు చెప్పలేకపోవడం ఒకటి. తన తండా పేచీ పెట్టిందని జనగామలో అనిపించుకోవడం ఇష్టం లేకపోవడం రెండోది. మధ్యాహ్నం జీపులో కూర్చుని, మోకాళ్ళ మీద రిజిస్టరు పెట్టుకుని, అన్ని గడుల్లోనూ ఎనిమిదిన్నర అని రాసుకుంటూ పోయింది. 

ఇప్పుడు ఆ పేజీ విజయ ముందు ఉంది. జమున ఆ సంతకం మీద వేలు పెట్టింది.

"దస్కతు నాదే మేడం. రాసింది అబద్ధం."

 ఆమె దాచకుండా అంతా చెప్పింది. నాయనమ్మ పేరు చెప్పింది, తాంబాళం చెప్పింది, అయిదున్నర గంటల ఎండ చెప్పింది. తప్పు నాయనమ్మది కాదు, ఆమె తన నమ్మకం చేసింది, చదువుకున్న తాను తన పని చెయ్యలేదంది. నలభై రెండు, నలభై మూడు నంబర్ల మనుషులు మాత్రం భోగ్ అయ్యాక వచ్చారు. వాళ్ళ గొట్టాలు నేరుగా ఐసులోకి పోయాయి. నివేదికలో సారా కొవ్వు పేరు అంటని ఇద్దరూ వాళ్ళే. ఆ మాటకు గోడ దగ్గరి నుంచి హీరాలాల్ అనే డ్రైవరు చెయ్యెత్తాడు.

"అవ్ మేడం. నలభై మూడు నంబరు చీటి నాకిచ్చిండ్రు. నేను రెండు గంటల బస్సుకు దిగిన. అప్పటికి పాయసం గూడ అయిపోయింది."

హర్షవర్ధన్ మొహంలో ఏదో కదిలింది. అంతలోనే సర్దుకున్నాడు. "విన్నారు కదా. రికార్డు తారుమారు చేశానని తనే ఒప్పుకుంటోంది. అంటే నమూనాలన్నీ పనికిరానివే."

"అవును సార్," అంది జమున. "నమూనాలు పనికిరావు. వాటి మీద రాసిన మీ నివేదిక గూడ పనికిరాదు."

మాట నోట్లోంచి వెళ్ళిపోయాక గానీ దాని బరువు ఆమెకు తెలియలేదు. పూల్‌సింగ్ ఆమె వైపు చూడలేదు. తన కాళ్ళకున్న చెప్పుల వైపు చూసుకుంటూ మెల్లగా తల ఊపాడు. హర్షవర్ధన్ కాగితాలు సర్దుకుంటూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, ఇవాళ్టితో ఆమె కొలువు అయిపోయిందన్నాడు. ఆమె డాక్టరేటు కాగితాల మీద చెయ్యాల్సిన సంతకం తనదేనన్న సంగతి గుర్తుచేశాడు. దొంగ రాతలు రాసిన పిల్లను రేపు ఏ యంత్రం దగ్గరికీ ఎవరూ రానివ్వరన్నాడు.

"రానియ్యకుంటే మానె సార్. మీరు సంతకం పెట్టకుంటే నా పేరు ముంగట డాక్టరు అని ఉండదు. నేను నోరు మూసుకుంటే మా వాళ్ళ పేరు ముంగట తాగుబోతని ఉంటది. నాకు మొదటిది లేకున్నా నడుస్తది."

విజయ రాసుకోవడం ఆపి కళ్ళజోడు పైకి నెట్టుకుంది. కొంచెం సేపు జమునను చూసింది, ఆ చూపులో మెచ్చుకోలు ఉందో లేదో చెప్పడం కష్టం. తర్వాత, ఎవరూ అడగకూడదని జమున కోరుకుంటున్న ప్రశ్న అడిగింది.

"పది చూపించావు. నలభై ఒకటీ ఇట్లాగే ఉన్నాయా?"

జమునకు నిన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. జనగామలో యంత్రం నడిపే ప్రేమలతక్క, తన కొలువుకు ముప్పు వస్తుందని తెలిసి కూడా, ముక్కల ఫైళ్ళు కాపీ చేసి చేతిలో పెట్టింది. పెడుతూ ఒక సలహా ఇచ్చింది. పది చూపించు చాలు, ఎవరూ నలభై ఒకటి చూసే ఓపికతో రారు. పదిహేడు మాత్రం తెరవకు.

ఆ సలహా మంచిదే. ఇప్పుడు కూడా మంచిదే. కానీ తనకు అక్కరలేని ముక్కల్ని చూడకుండా ఆ టిక్కు తీయించినాయన ఎదురుగానే కూర్చున్నాడు. తాను కూడా అక్కరలేనిది దాచేస్తే ఆ కుర్చీని ఎడమవైపుకు మోసుకొచ్చింది దేనికి?

"నలభైంట్ల లేదు మేడం," అంది జమున. "ఒక్కదాంట్ల ఉన్నది."

పదిహేడో నమూనా తెర మీద వేసింది. రెండు వందల ఎనభై మూడు దగ్గర కడ్డీ ఉంది. రెండు వందల యాభై అయిదు దగ్గర కూడా ఉంది, కరెంటు స్తంభంలా. ఈసారి "లేదు" అనడానికి ఎవరూ నోరు తెరవలేదు. ఎండకు ఇది పుట్టదు, ఈ ఒక్క మనిషి తాగిన మాట నిజం అంది జమున. ఎంత తాగాడో, బండి మీద తాగాడో, పండక్కి తాగాడో ఈ కడ్డీ చెప్పదని కూడా అంది.

భూపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఎన్నో బేరాలు తెంపిన మనిషి, ఎక్కడ పట్టు దొరికిందో వెంటనే తెలుస్తుంది.

"మంచిది. నేనూ ఒక మెట్టు దిగుత. గా ఒక్కని పేరు చెప్పు బిడ్డా. వాడొక్కడు ఇంట్ల కూసుంటడు. మిగిలినోళ్ళందరికి రేపు పొద్దుగాల తాళాలిస్త. మేడం ముంగట చెప్తున్న, రాసుకోమను."

నలభై రెండు బండ్లు, ఒక్క పేరు. గోడ దగ్గర గుసగుస పుట్టి పెరిగింది. ఇరవై రెండు రోజులుగా ఇళ్ళల్లో పడి ఉన్నవాళ్ళు. వాళ్ళ ఆశను తప్పుపట్టలేం. ఎవరో చెప్పమన్నారు. ఇంకెవరో ఊకొమ్మని కసిరారు.

పదిహేడో నంబరు ఎవరిదో జమునకు రిజిస్టరు అక్కరలేదు. ఆ రోజు సూది గుచ్చుతుంటే మొహం పక్కకు తిప్పుకున్న మనిషి. నంబరు చీటీ గొట్టానికి తానే అంటించింది, అంటిస్తూ ఎగతాళి చేసింది కూడా. రెండు వరసల వెనక కూర్చున్న వీరేందరే ఆ మనిషి. తిరిగి చూస్తే చాలు, హాలంతటికీ తెలిసిపోతుంది. ఆమె తిరగలేదు. మెడ నరాలు నొప్పి పుట్టేదాకా తెర వైపే చూస్తూ నిలబడింది.

"చెప్పను," అంది. "గుండె సర్వే అంటే ఇచ్చిన రక్తం అది. పేరు బయటికి రాదని ఇంటింటికి తిరిగి మాటిచ్చింది నేను. ఒక అబద్ధం రాసి ఒప్పుకున్న. గీ మాట తప్పి మళ్ళొకటి ఒప్పుకోను."

"అయితే తాళాలు నా కాడనే ఉంటయ్," అని భూపాల్ వెనక్కి ఒరిగాడు. హర్షవర్ధన్ మొదటిసారిగా చిన్నగా నవ్వాడు.

వెనక ఎక్కడో కుర్చీ కాలు నేలకు రాసుకున్న చప్పుడైంది. ఎవరో లేవబోతున్నారు.  కానీ ఆ లేవబోయిన మనిషి కంటే ముందు, ఆమె పక్క కుర్చీలోంచి పూల్‌సింగ్ లేచి నిలబడ్డాడు. వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాపి, కూర్చో అన్నట్టు అరచేతిని కిందికి నొక్కాడు.

"పిల్లను సతాయించుడు దేనికి," అన్నాడు. "పదిహేడు నాది. తాగింది నేను. తాళం నాకియ్యకు, ఆళ్ళకియ్యి."

గోడ దగ్గరి డ్రైవర్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్ళుగా పెండ్లి పందిట్లో సైతం సారా గిన్నెను పక్కకు నెట్టి లేచిపోయే మనిషి అతను. ఆ సంగతి తండాలో పాకే పిల్లలకు కూడా తెలుసు. అది అబద్ధమని తెలియని వాళ్ళు ఆ హాల్లో ముగ్గురే, ఆ ముగ్గురూ బల్లకు కుడివైపున, వెనకా ఉన్నారు.

విజయ కొత్త కాగితం తీసి, తేదీ వేసి, పూల్‌సింగ్ పేరు రాసింది. రాసి ఆగింది. పెన్ను కాగితం మీద అలాగే ఆనించి తలెత్తింది.

"ఆయన తనంతట తానే చెప్పుకున్నాడు కాబట్టి ఇప్పుడు నేను అడగొచ్చు. నంబర్లు అంటించింది నువ్వు. పదిహేడు పూల్‌సింగ్‌దేనా జమునా? అవును, కాదు, రెంట్లో ఒకటి చెప్పు. ఈసారి నువ్వు చెప్పిందే రాస్తాను."

పూల్‌సింగ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, ఆజ్ఞ ఉంది. వెనక వీరేందర్ ఊపిరి రెండు వరసలు దాటి ఆమె చెవులకు వినిపిస్తోంది.

జమున నోరు తెరిచింది.